పాఠకుల ప్రశ్నలు: ఉచిత యాడ్‌ఆన్‌కు జీతమిచ్చేదెవరు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గోల. ప్రకటనలు వెంటపడుతున్నాయి, ఏ యాడ్‌ఆన్ (సైట్లు తెరిచే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం) పెట్టుకోమంటారు, ఏది మంచిది, ఏది మోసం అని. అందుకే ప్రింటర్ల బాధలు, నత్తనడక విండోస్ బాధలు వచ్చే నెలకు నెట్టి, ఈసారి పేజీలన్నీ దీనికే ఇచ్చాం. ఎవరి పేరూ వేయడం లేదు. ప్రైవసీ గురించి అడిగినవాళ్ల పేరూ వీధీ అచ్చేసి ఊరంతా పంచితే ఏం బాగుంటుంది? సందర్భం తెలియడానికి ఊరు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మాకు విడవలూరు దగ్గర రొయ్యల చెరువులున్నాయి. ఈ మధ్య చెరువు నీళ్లకు గాలి అందించే ఏరేటర్ల రేట్లు ఫోన్లో చూశాను. అప్పట్నుంచి వార్తల సైట్ తెరిచినా, యూట్యూబ్ పెట్టినా, ఫేస్‌బుక్ చూసినా ఏరేటర్లే. మేత కంపెనీలు కూడా తోడయ్యాయి. ఫోన్ మైకులో మన మాటలు వింటున్నారని మా పిలకాయలు అంటున్నారు. నిజమేనా? ఆపేదెట్లా?
- రొయ్యల రైతు, విడవలూరు

జవాబు: అన్నా, మైకు దాకా పోవాల్సిన పని వాళ్లకు లేదు. అమెరికాలో నార్త్‌ఈస్టర్న్ యూనివర్సిటీ పరిశోధకులు 17 వేలకు పైగా ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి 2018లో ఫలితం చెప్పారు. చెప్పకుండా మైకు ఆన్ చేసి మాటలు బయటికి పంపిన యాప్ ఒక్కటీ వాళ్లకు దొరకలేదు. కొన్ని యాప్‌లు మాత్రం స్క్రీన్ మీద జరిగేదాన్ని వీడియో తీసి పంపుతూ దొరికిపోయాయి, అది వేరే కత. రోజంతా మాటలు వింటూ కూర్చుంటే బ్యాటరీ అయిపోతుంది, డేటా అయిపోతుంది, ఎవరో ఒకరు పట్టుకుంటారు. మీ అంతట మీరే వేలితో నొక్కి చెబుతుంటే ఆ కష్టమంతా దేనికి?

జరిగింది ఇది. మీరు ఏరేటర్ల పేజీ తెరిచినప్పుడు అమ్మేవాడి పేజీ ఒక్కటే దిగలేదు. దాంతోపాటు ప్రకటనల కంపెనీ పంపిన చిన్న కోడో, కంటికి కనపడని చుక్కంత బొమ్మో కూడా దిగింది. అది మీ బ్రౌజర్‌లో ఒక నంబరు రాసిపెట్టి పోయింది. కుకీ అంటే అదే. సాయంత్రం వార్తల సైట్ తెరిచారు. ఆ పేజీలోనూ అదే కంపెనీ కోడ్ ఉంది. నంబరు చూసింది, పొద్దున ఏరేటర్లు చూసిన మనిషి ఈయనే అని గుర్తుపట్టింది. పేజీలో ప్రకటనకు వదిలిన ఖాళీ జాగాను అక్కడికక్కడే వేలం వేసి ఏరేటర్ కంపెనీకి అమ్మేసింది. పేజీ పూర్తిగా తెరుచుకునే లోపలే ఇదంతా అయిపోతుంది. మీ పేరు వాళ్లకు తెలియక్కర్లేదు. యాప్‌లలో అయితే కుకీ బదులు ఫోన్‌కే అడ్వర్టైజింగ్ ఐడీ అని ఒకటి ఉంటుంది.

నన్నడిగితే ఏరేటర్ ప్రకటన పెద్ద సమస్య కాదు. ఒక వారం తెల్లమచ్చ రోగం గురించి వెతికి, పై వారం 50 కౌంట్ (కిలోకు 50 తూగే) రొయ్యల రేటు వెతికారనుకోండి. చెరువు ఏ దశలో ఉందో, మీరు ఎంత తొందరలో ఉన్నారో అవతలివాళ్లు ఊహించగలరు. అమ్మేవాడు తొందరలో ఉన్నాడని పసిగట్టిన కొనేవాడు ఎట్లా మాట్లాడతాడో చెరువు గట్టు మీద నిలబడే మీకు నేను చెప్పేదేముంది.

రెండు పనులు చేయండి. మొదటిది, ఫోన్ సెట్టింగ్స్‌లో గూగుల్, అందులో యాడ్స్, అక్కడ ‘డిలీట్ అడ్వర్టైజింగ్ ఐడీ’. మరీ పాత ఫోన్ అయితే డిలీట్ ఉండదు, ‘రీసెట్’ ఉంటుంది, అదైనా నొక్కండి. రెండోది, ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్ దించుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్ క్రోమ్‌లో యాడ్‌ఆన్‌లు పెట్టుకునే వీల్లేదు, ఫైర్‌ఫాక్స్‌లో ఉంది. మూడు చుక్కల మెనూలో ‘ఎక్స్‌టెన్షన్స్’ అని ఉంటుంది. అక్కడ ప్రకటనలను ఆపే ‘యూబ్లాక్ ఆరిజిన్’ ఎంచుకుని ప్లస్ గుర్తు నొక్కితే సరి. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఒక సైట్ రాసిన కుకీ ఇంకో సైట్‌కు కనపడకుండా విడివిడిగా ఉంచుతోంది. ఐఫోన్లలో ఉండే సఫారీ 2020లోనే ఈ వెంటపడే కుకీలను పూర్తిగా ఆపేసింది. క్రోమ్ కూడా ఆపేస్తానని 2020లోనే చెప్పింది. వాయిదాల మీద వాయిదాలు వేసి 2024లో ఆ మాట వెనక్కి తీసుకుంది. గూగుల్ బతికేదే ప్రకటనల మీద, ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏముంది.

ఇంకో సంగతి. యాడ్‌ఆన్ పనిచేసేది బ్రౌజర్ లోపలే. యూట్యూబ్ యాప్‌లో, ఫేస్‌బుక్ యాప్‌లో అది ఏమీ చేయలేదు. వాటిని ఫైర్‌ఫాక్స్‌లోనే తెరిచి చూసుకుంటే తేడా తెలుస్తుంది. ‘కొటేషన్ కోసం నంబరు ఇవ్వండి’ అన్న ఫారంలో మీ సెల్ నంబరు కొట్టి ఉంటే మాత్రం ఆ ఫోన్ కాల్స్‌ను ఏ యాడ్‌ఆనూ ఆపలేదు.

ప్రశ్న: నేను రిటైర్డ్ లెక్కల టీచర్ని. ప్రైవసీకి తప్పనిసరి అని ఒక వీడియోలో పదకొండు యాడ్‌ఆన్‌లు చెప్పారు. దొరికినవన్నీ పెట్టాను. ఇప్పుడు బ్యాంకు సైట్ తెల్ల పేజీ చూపిస్తోంది. రైలు టికెట్ సైట్లో లాగిన్ కావడం లేదు. అన్నీ తీసేస్తే రక్షణ పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. యూబ్లాక్ ఆరిజిన్, యాడ్‌బ్లాక్ ప్లస్, ఘోస్టరీ, ప్రైవసీ బ్యాడ్జర్, హెచ్‌టీటీపీఎస్ ఎవ్రీవేర్, నోస్క్రిప్ట్, వెబ్ ఆఫ్ ట్రస్ట్... ఇవీ ఆ జాబితాలో ముఖ్యమైనవి. ఏవి ఉంచాలి?
- విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి

జవాబు: మాస్టారూ, ఒకటి ఉంచండి. యూబ్లాక్ ఆరిజిన్. మిగతావన్నీ తీసేయండి. రక్షణ తగ్గదు, పెరుగుతుంది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. లెక్కల వారు కాబట్టి లెక్క కూడా చూపిస్తాను.

ముందు మీ తెల్ల పేజీ. అది చాలావరకు నోస్క్రిప్ట్ పని. ఇటలీకి చెందిన జార్జియో మావోనే 2005లో రాసిన మంచి సాధనమది, తప్పు పట్టడానికి లేదు. కానీ అది సైట్లలో జావాస్క్రిప్ట్‌ను, అంటే పేజీని నడిపించే కోడ్‌ను, మొత్తంగా ఆపేస్తుంది. ఇవాళ బ్యాంకు సైట్ అంటేనే జావాస్క్రిప్ట్. ఏది వదలాలో, ఏది ఆపాలో ప్రతి సైట్‌కూ కూర్చుని నేర్పే ఓపిక ఉన్నవాళ్లకే అది. హెచ్‌టీటీపీఎస్ ఎవ్రీవేర్ జాబితాలో ఉందంటేనే ఆ వీడియో ఎంత పాతదో తెలుస్తోంది. సైట్లను భద్రమైన హెచ్‌టీటీపీఎస్ దారిలోనే తెరిచే ఆ సదుపాయం బ్రౌజర్లలోనే వచ్చేసింది కాబట్టి, తయారుచేసిన డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషనే దానికి 2023లో సెలవిచ్చేసింది. సెట్టింగ్స్‌లో ‘హెచ్‌టీటీపీఎస్ ఓన్లీ మోడ్’ ఆన్ చేసుకోండి, అంతే.

యాడ్‌బ్లాక్ ప్లస్, ఘోస్టరీ, యూబ్లాక్ ఆరిజిన్ మూడూ చేసేది దాదాపు ఒకటే పని. మూడూ ఒకే పేజీ మీద పడితే ఏది ఏ ముక్క ఆపిందో తేల్చడం ఎవరి తరమూ కాదు. పైగా యాడ్‌బ్లాక్ ప్లస్‌లో 2011 నుంచి ‘ఆమోదయోగ్యమైన ప్రకటనలు’ అని ఒక పథకం ఉంది. వాళ్ల నియమాలకు లోబడిన ప్రకటనలను వదిలేస్తారు, పెద్ద కంపెనీలు అందుకు డబ్బు కడతాయి. దాచి చేయడం లేదు, సెట్టింగ్స్‌లో ఆపుకోవచ్చు కూడా. కానీ ప్రకటనలు ఆపడానికి పెట్టుకున్నదానికి ప్రకటనలవాళ్లే జీతమిస్తుంటే నాకు మనసొప్పదు.

ఇక అసలు సంగతి. మీరు యాడ్‌ఆన్ పెట్టేటప్పుడు ‘అన్ని వెబ్‌సైట్లలోని మీ డేటాను చదవడానికి, మార్చడానికి అనుమతి’ అని ఒక పెట్టె వస్తుంది. మనం చదవకుండా ‘యాడ్’ నొక్కేస్తాం. ఆ వాక్యంలో అతిశయోక్తి లేదు. ప్రకటన కోడ్‌ను పట్టుకోవాలంటే యాడ్‌ఆన్ పేజీ అంతా చూడాల్సిందే. పేజీ అంతా చూడగలిగింది మీ బ్యాంకు బ్యాలెన్స్ కూడా చూడగలదు. కాపలాకు పెట్టుకున్న మనిషికి ఇంటి తాళాలు ఇవ్వక తప్పనట్టు. మీరు ఆ తాళాలు పదకొండు మందికి ఇచ్చారు.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. మీ జాబితాలో ఉన్న వెబ్ ఆఫ్ ట్రస్ట్ సంగతే చూడండి. ఏ సైట్ నమ్మదగిందో చెప్పే యాడ్‌ఆన్ అది, పేరులోనే నమ్మకం ఉంది. 2016 నవంబరులో జర్మనీ ప్రసార సంస్థ ఎన్‌డీఆర్ విలేకరులు మారువేషంలో డేటా కొనడానికి వెళ్తే, లక్షల మంది జర్మన్లు ఏయే సైట్లు చూశారో ఆ చిట్టా చేతికొచ్చింది. అందులో ఈ యాడ్‌ఆన్ సేకరించిందీ ఉందని తేల్చారు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా అప్పట్లో దాన్ని తన దుకాణం నుంచి తీసేసింది. యాంటీవైరస్ కంపెనీ అవాస్ట్ కత ఇంకా ఘోరం. మిమ్మల్ని వెంబడించేవాళ్లను ఆపుతామని చెప్పి తన యాడ్‌ఆన్‌లతోనే జనం బ్రౌజింగ్ అంతా సేకరించి, జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మింది. 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాని మీద 1 కోటీ 65 లక్షల డాలర్లు వసూలుకు ఆదేశించింది.

మంచి యాడ్‌ఆన్ మంచిదిగానే ఉంటుందన్న హామీ కూడా లేదు. వాడని ట్యాబ్‌లను నిద్రపుచ్చే ‘గ్రేట్ సస్పెండర్’ను లక్షల మంది వాడేవాళ్లు. 2020లో దాన్ని రాసినాయన ఎవరికో అమ్మేశాడు. కొన్నాళ్లకు అందులో అనుమానాస్పద కోడ్ చేరింది. 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని హానికరమని అందరి క్రోమ్‌లోనూ ఆపేసింది. నానో యాడ్‌బ్లాకర్‌దీ అదే దారి. 2020లో చేతులు మారింది, ఆ వెంటనే వాడేవాళ్ల సమాచారం బయటికి పంపే అప్‌డేట్ వచ్చింది. యాడ్‌ఆన్‌లు తమంతట తామే అప్‌డేట్ అవుతాయి కాబట్టి మీరు ఏమీ నొక్కకుండానే కాపలా మనిషి మారిపోతాడు.

మరి యూబ్లాక్ ఆరిజిన్‌కు జీతమెవరిస్తున్నారు? ఎవరూ ఇవ్వడం లేదు. రేమండ్ హిల్ అనే ఆయన 2014 నుంచి రాస్తున్నాడు, విరాళాలు కూడా వద్దంటాడు. కోడ్ బహిరంగం, తెలిసినవాళ్లు ఎవరైనా చదివి చూసుకోవచ్చు. ఏది ప్రకటనో చెప్పే జాబితాలను వాలంటీర్లు రాస్తుంటారు. ఊరికే ఇచ్చేవాడు ఇంకెక్కడో రాబట్టుకుంటాడన్న నా సూత్రానికి ఇది మినహాయింపే, ఒప్పుకుంటాను. పేరులో ‘ఆరిజిన్’ ఉందో లేదో చూసుకోండి. 2015లో హిల్ ఆ ప్రాజెక్టును ఇంకొకరికి అప్పగించి, అది నచ్చక తన సొంత శాఖ మొదలుపెట్టాడు, ఆరిజిన్ అంటే అదే. వట్టి ‘యూబ్లాక్’ వేరే చేతుల్లోకి పోయి, చివరికి ఇందాక చెప్పిన ఆమోదయోగ్యమైన ప్రకటనల పథకంలోనే చేరింది.

ఇప్పుడు లెక్క. పదకొండు కవచాలు తొడుక్కుంటే ఎవరూ గుర్తుపట్టరనుకుంటాం. బ్రౌజర్ల లోకంలో తిరకాసు అది. మీ స్క్రీన్ సైజు, ఫాంట్లు, భాష, టైమ్ జోన్ కలిపి చూస్తే కుకీ లేకుండానే మిమ్మల్ని గుర్తుపట్టొచ్చు. దీన్ని ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో 4,70,161 బ్రౌజర్లను పోల్చి చూస్తే 83.6 శాతం దేనికదే ప్రత్యేకంగా తేలాయి. ఒక బ్రౌజర్ ఇచ్చే సమాచారం కనీసం 18.1 బిట్లు. రెండు పవర్ 18.1 వేసి చూడండి మాస్టారూ, సుమారు 2,81,000 వస్తుంది. అంటే అన్ని లక్షల బ్రౌజర్లలో ఒక్కటి మీదాన్ని పోలి ఉంటే గొప్ప. పేజీ రూపాన్ని మార్చే యాడ్‌ఆన్‌లు పెట్టేకొద్దీ సమితుల ఛేదనంలో మిగిలే మూలకాలు తగ్గుతాయి. చివరికి మీరొక్కరే మిగులుతారు. అదే సంస్థ ఇప్పుడు ‘కవర్ యువర్ ట్రాక్స్’ అనే పేజీ నడుపుతోంది. యాడ్‌ఆన్‌లు తీయకముందు ఒకసారి, తీశాక ఒకసారి అక్కడ పరీక్ష పెట్టుకోండి, మీకు సరదాగా కూడా ఉంటుంది.

డెస్క్‌టాప్‌లో క్రోమ్ వాడుతుంటే ఒక చిక్కు. గూగుల్ యాడ్‌ఆన్‌ల నియమాలు మార్చేయడంతో అసలైన యూబ్లాక్ ఆరిజిన్ 2025 నాటికి క్రోమ్‌లో పూర్తిగా ఆగిపోయింది. ‘యూబ్లాక్ ఆరిజిన్ లైట్’ అని తేలికపాటిది ఒకటి ఉంది, అదీ హిల్‌దే. ఉన్నంతలో బాగానే పనిచేస్తుంది. పూర్తి బలం కావాలంటే ఫైర్‌ఫాక్స్‌కు మారండి. ఏదైనా సైట్ మొరాయిస్తే యాడ్‌ఆన్ తీసేయక్కర్లేదు. దాని గుర్తు మీద నొక్కితే పెద్ద పవర్ బటన్ కనిపిస్తుంది. అది నొక్కి పేజీ రీలోడ్ చేస్తే ఆ ఒక్క సైట్‌లోనే ఆగుతుంది. బ్యాంకు సైట్‌కు అట్లా చేసుకోండి.

ప్రశ్న: ప్రతి సైటూ కుకీలు ఒప్పుకోమంటోంది. ‘యాక్సెప్ట్’ నొక్కాలా, ‘రిజెక్ట్’ నొక్కాలా? సెట్టింగ్స్‌లో ‘డూ నాట్ ట్రాక్’ పెడితే చాలదా?
- డిగ్రీ విద్యార్థి, నెల్లూరు

జవాబు: రిజెక్ట్. సైట్‌కు అవసరమైన కుకీలు ఎటూ ఉంటాయి, ఏమీ ఆగదు. ఈ పెట్టెలు యూరప్ చట్టాల పుణ్యం. యూబ్లాక్ ఆరిజిన్ సెట్టింగ్స్‌లో ఫిల్టర్ జాబితాలకు వెళ్లి ‘కుకీ నోటీసెస్’ టిక్ పెడితే చాలావరకు కనపడనే కనపడవు. డూ నాట్ ట్రాక్ అనేది వట్టి విన్నపం. వినాలని ఎవరికీ నిర్బంధం లేదు, దాదాపు ఎవరూ వినలేదు. ఫైర్‌ఫాక్స్ 2025లో ఆ బటన్నే తీసేసింది.

ప్రశ్న: మీరు సొంతానికి ఏం వాడతారు సార్?
- టంగుటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫైర్‌ఫాక్స్, యూబ్లాక్ ఆరిజిన్, పాస్‌వర్డ్‌లకు బిట్‌వార్డెన్. ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకోని ఒకటీ అరా సైట్ల కోసం క్రోమ్ ఉంది, అందులో ఏ యాడ్‌ఆనూ లేదు.

ప్రశ్న: బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నాను. ఇంట్లో అందరికీ ఒకటే కంప్యూటర్. డాక్టరు నాకు పీసీఓడీ, అంటే అండాశయాల సమస్య, అన్నారు. దాని గురించి, మందుల గురించి చదివాను. మరుసటి రోజు నాన్న ఫోన్‌లో గూగుల్ తెరిస్తే నేను వెతికిన మాటలే కింద వచ్చాయి. అన్నయ్య యూట్యూబ్‌లోనూ అవే వీడియోలు. చాలా ఇబ్బంది పడ్డాను. యాడ్ బ్లాకర్ పెట్టినా లాభం లేదు. ఏం చేయాలి?
- పేరు వద్దన్న పాఠకురాలు, ఒంగోలు

జవాబు: అమ్మా, నీ ఇబ్బంది అర్థమైంది. ఇది ప్రకటనల కంపెనీ చేసిన పని కాదు. అందుకే యాడ్ బ్లాకర్‌తో లాభం లేకపోయింది. మీ ఇంటి కంప్యూటర్ క్రోమ్‌లో నాన్నగారి జీమెయిల్ లాగిన్ అయి ఉండి ఉంటుంది. అదే జీమెయిల్ ఆయన ఫోన్‌లో, మీ అన్నయ్య చూసే యూట్యూబ్‌లో. మా షాపు బల్ల మీదికొచ్చే ఇంటి కంప్యూటర్లలో నేను తరచూ చూసేది ఇదే. కొన్న రోజు ఎవరో ఒకరి జీమెయిల్ పెడతారు, ఇక ఇంటిల్లిపాదీ అందులోనే. నువ్వు వెతికిన ప్రతి మాటా ఆయన ఖాతాలో రాసుకుంటుంది.

ముందు జరిగినదాన్ని తుడిచేద్దాం. కంప్యూటర్‌లో గూగుల్ ఖాతా బొమ్మ నొక్కి ‘మై యాక్టివిటీ’ పేజీకి వెళ్లు. నువ్వు వెతికిన మాట అక్కడి వెతుకు పెట్టెలో కొడితే దానికి సంబంధించినవన్నీ వస్తాయి, వాటిని తీసెయ్. యూట్యూబ్ హిస్టరీలోనూ అంతే. అక్కడే ‘ఆటో డిలీట్’ ఉంటుంది. మూడు నెలలు, 18 నెలలు, 36 నెలలు అని మూడు గడువులు. మూడు నెలలు పెట్టమని నాన్నగారికి చెప్పు, ఆయనకూ మంచిదే.

తర్వాత విండోస్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్‌కు వెళ్లి నీ పేరున పాస్‌వర్డ్‌తో వేరే యూజర్ అకౌంట్ పెట్టుకో. క్రోమ్‌లోనే వేరే ప్రొఫైల్ పెట్టుకోవచ్చు గానీ దానికి తాళం ఉండదు, ఎవరైనా నొక్కి చూడొచ్చు. ఎందుకు అని అడిగితే ప్రిపరేషన్ ఫైళ్లు కలిసిపోతున్నాయని చెప్పు. అది అబద్ధం కూడా కాదు.

ఇన్‌కాగ్నిటో విండో ఇంట్లోవాళ్లకు కనపడకుండా చేస్తుంది, అది మూసేస్తే ఆ కంప్యూటర్‌లో చరిత్ర మిగలదు. కానీ చూసిన సైట్‌కు, దాని వెనకున్న కంపెనీలకు నువ్వు కనపడుతూనే ఉంటావు. ఈ తేడా సరిగా చెప్పలేదనే అమెరికాలో 2020లో గూగుల్ మీద కేసు పడింది. 2024లో రాజీకొచ్చి కోట్ల కొద్దీ రికార్డులు చెరిపేస్తామని ఒప్పుకున్నారు, హెచ్చరిక వాక్యం కూడా మార్చారు. ఇంకోటి, యాడ్‌ఆన్‌లు ఇన్‌కాగ్నిటోలో వాటంతట అవి పనిచేయవు. యాడ్‌ఆన్ వివరాల్లో ‘అలౌ ఇన్ ఇన్‌కాగ్నిటో’ విడిగా ఆన్ చేయాలి. నీకు లాభం కనపడకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

పీసీఓడీ చాలామంది ఆడపిల్లల్లో ఉండేదే. నెట్‌లో చదివి భయపడకుండా డాక్టరు చెప్పింది చెయ్.

ప్రశ్న: మా వాడు బెంగుళూరు నుంచి ఫోన్ చేసి, ‘నాన్నా, ఉచిత వీపీఎన్ యాడ్‌ఆన్ ఉంది, పెట్టుకుంటే ఎవరికీ దొరకవు’ అన్నాడు. పెట్టుకోవచ్చా?
- బట్టల వ్యాపారి, కనిగిరి

జవాబు: వద్దండీ. వీపీఎన్ అంటే మీ నెట్ రాకపోకలన్నీ ఒక కంపెనీ సర్వర్ మీదుగా పోవడం. ఇప్పుడు మీ ఇంటర్నెట్ కంపెనీకి కనపడేది అప్పుడు ఆ వీపీఎన్ కంపెనీకి కనపడుతుంది. దొరకకపోవడం కాదు, దొరికే చోటు మారడం. సర్వర్లు నడపడానికి నెలనెలా బోలెడు డబ్బు కావాలి, ఊరికే ఇస్తున్నాడంటే ఇంకెక్కడో రాబట్టుకుంటున్నాడు. ఫేస్‌బుక్ 2013లో ఓనావో అనే వీపీఎన్ కంపెనీని కొని, జనం ఏయే యాప్‌లు వాడుతున్నారో దాని ద్వారా గమనించింది. ఆపిల్ అభ్యంతరం చెప్పాక 2018లో ఆ యాప్‌ను ఐఫోన్ల నుంచి తీసేసింది, మరుసటి ఏడాది మొత్తంగా మూసేసింది. హోలా అనే ఉచిత వీపీఎన్ వాడేవాళ్ల నెట్ కనెక్షన్‌నే ఇతరులకు అమ్ముతోందని 2015లో బయటపడింది. అంటే ముక్కూమొహం తెలియనివాడు మీ కనెక్షన్ మీదుగా ఏదో చేస్తాడు, చిరునామా మీది కనపడుతుంది.

డబ్బు కట్టే వీపీఎన్‌లలో మంచివి ఉన్నాయి. 2022లో మన ప్రభుత్వ కంప్యూటర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ వాడకందార్ల పేర్లు, వివరాలు అయిదేళ్లు రాసి ఉంచాలని ఆదేశిస్తే కొన్ని పేరున్న కంపెనీలు ఇండియా నుంచి సర్వర్లు ఎత్తేశాయి. మీ పనికి, అంటే బ్యాంకుకు, జీఎస్టీకి, వాట్సాప్‌కు అది అవసరం లేదు.

ప్రశ్న: గ్రానైట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. పీడీఎఫ్‌ను ఎక్సెల్‌గా మార్చే యాడ్‌ఆన్ క్రోమ్‌లో ఉంది. అదే బ్రౌజర్‌లో జీఎస్టీ, ఈవే బిల్లు, కంపెనీ బ్యాంకు అన్నీ తెరుస్తాం. ప్రమాదమా?
- అకౌంటెంట్, చీమకుర్తి

జవాబు: మావాళ్లు వాడుతున్నారు, ఏమీ కాలేదు అని మీ ఓనరు అనొచ్చు. ఆ మాట పట్టించుకోకండి. ‘ఎక్స్‌టెన్షన్స్’ పేజీలో దాని వివరాలు తెరిస్తే ‘సైట్ యాక్సెస్’ కనిపిస్తుంది. అక్కడ ‘ఆన్ ఆల్ సైట్స్’ అని ఉంటే ‘ఆన్ క్లిక్’కు మార్చండి. అప్పుడు మీరు నొక్కిన పేజీలోనే అది చూడగలదు. ఇంకా మంచిది, బ్యాంకుకూ జీఎస్టీకీ యాడ్‌ఆన్‌లు ఏమీ లేని బ్రౌజర్ విడిగా పెట్టుకోవడం. పీడీఎఫ్ నుంచి టేబుల్ తీసుకోవడం కొత్త ఎక్సెల్‌లోనే ఉంది. డేటా మెనూలో ‘గెట్ డేటా’ నొక్కి చూడండి. పార్టీల బిల్లులు ఎవడి సర్వర్‌కో ఎక్కించాల్సిన పని తప్పుతుంది.

ప్రశ్న: మాది నెట్ సెంటర్. హాల్ టికెట్లు, ఆధార్, సర్టిఫికెట్లకు రోజంతా జనం వస్తారు. కొందరు జీమెయిల్ లాగౌట్ చేయకుండా పోతారు. ఒక కుర్రాడి మెయిల్‌ను ఇంకొకడు తెరిచి చూసి గొడవైంది. అన్నీ తుడిచేసే యాడ్‌ఆన్ ఏదైనా ఉందా?
- నెట్ సెంటర్ నిర్వాహకుడు, ఆత్మకూరు

జవాబు: ఈ ప్రశ్న మీరు అడిగినందుకు సంతోషం తమ్ముడూ. కస్టమర్లు అడగరు, వాళ్లకు హడావుడి.

లాగిన్ల వరకు యాడ్‌ఆన్ అక్కర్లేదు. క్రోమ్‌లో పైన ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ‘గెస్ట్’ అని ఉంటుంది. కస్టమర్లకు ఎప్పుడూ గెస్ట్ విండోనే ఇవ్వండి. మనిషి లేవగానే ఆ విండో మూసేస్తే లాగిన్లు, హిస్టరీ అన్నీ పోతాయి. పాస్‌వర్డ్ సేవ్ చేయాలా అని కూడా అడగదు. మామూలు విండోలో ఇప్పటికే సేవ్ అయిపోయిన పాస్‌వర్డ్‌లు ఉంటాయి, ఇవాళే సెట్టింగ్స్‌లో చూసి తీసేయండి. ఊళ్లో సగం మందివి అక్కడ ఉన్నా ఆశ్చర్యం లేదు.

గెస్ట్ విండో తుడవనిది ఒకటి ఉంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్. మీ అసలు ప్రమాదం అక్కడుంది. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంది కదా అనుకుంటాం. ఆ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పేరు హాల్ టికెట్ మీద ఉంటుంది, పుట్టిన సంవత్సరం కూడా దాని మీదే. రెండూ అదే ఫోల్డర్‌లో పక్కపక్కనే పడి ఉంటాయి. ప్రింట్ తీసి ఇచ్చాక కస్టమర్ కళ్ల ముందే ఫైల్ డిలీట్ చేసి రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. రద్దీలో మరిచిపోతారు కాబట్టి విండోస్‌లో ‘స్టోరేజ్ సెన్స్’ ఆన్ చేసి డౌన్‌లోడ్స్‌కు ఒక రోజు గడువు పెట్టండి. తెరవని ఫైళ్లను అదే తుడిచేస్తుంది. ఎక్కడైనా మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుందంటే, డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఆ టిక్ పెట్టండి. చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి.

మిగిలింది మీరు రాయనిది, కానీ ప్రతి నెట్ సెంటర్‌లోనూ ఉండేది. గోడ మీద అంటించిన వాట్సాప్ నంబరు. జనం ఆధార్, పాన్, భూమి పాస్‌బుక్, ఆస్పత్రి రిపోర్టులు ఫోటో తీసి దానికి పంపుతారు. ప్రింట్ తీసిస్తారు, పైసలు తీసుకుంటారు, ఆ ఫోటోలు మాత్రం మీ ఫోన్‌లో, కంప్యూటర్‌లో తెరిచి ఉంచిన వాట్సాప్ వెబ్‌లో ఏళ్ల తరబడి అట్లాగే ఉంటాయి. షాపులో పనిచేసే కుర్రాడు మానేసినా ఆ ఫోన్ చూసినవాడే. వాట్సాప్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో ‘డిఫాల్ట్ మెసేజ్ టైమర్’ 24 గంటలకు పెట్టండి. కొత్తగా వచ్చే చాట్‌లన్నీ ఒక రోజులో మాయమవుతాయి. పాత చాట్‌లు మీరే తుడవాలి. చాట్స్ సెట్టింగ్స్‌లో ‘మీడియా విజిబిలిటీ’ కూడా ఆపేయండి, లేకపోతే ఫోటోలు గ్యాలరీలో మిగిలిపోతాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నియమాలు కూడా వచ్చాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. పనైపోయాక కూడా జనం కాగితాలు దగ్గర ఉంచుకునే అలవాటు ఆ తర్వాత మీకే చుట్టుకుంటుంది.

ఆ నంబరు పక్కనే ‘ప్రింట్ తీశాక మీ ఫోటోలు తుడిచేస్తాం, కావాలంటే చూసి వెళ్లండి’ అని ఒక కాగితం అంటించండి. గిరాకీ కూడా పెరుగుతుంది.